ఏడు రెండుసార్లు వచ్చింది!

గుడివాడ నుంచి నందివాడ వైపు ఎప్పుడైనా వెళ్ళారా? ఒకప్పుడు వరిచేలు ఉన్న చోట ఇప్పుడు చాలా మేర చేపల చెరువులే కనిపిస్తాయి. చెరువు గట్టు మీద ఒక చిన్న పాక, పాకలో ఒక మంచం, ఒక బల్బు ఉంటాయి. ఆ పాకలో రాత్రంతా మేలుకుని ఉండే మనిషి ఒకడుంటాడు.

ఆ మనిషి మేలుకునే ఉండాలి. దొంగల భయం ఒక్కటే దీనికి కారణం కాదు. చెరువు నీటిలో కంటికి కనిపించనంత చిన్న పచ్చని మొక్కలు కోట్లకొద్దీ ఉంటాయి. పగలు సూర్యరశ్మి ఉన్నంతసేపూ అవి ప్రాణవాయువును నీటిలోకి వదులుతాయి. చీకటి పడగానే ఆ పని ఆగిపోతుంది. కాని చేపలతో పాటు అవి కూడా ప్రాణవాయువును వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారబోయే ముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే కాపలా మనిషి వెంటనే లేచి, నీటిని చిలికే యంత్రం నడపాలి. ఒక్క గంట కునుకు తీస్తే ఏడాది పంట పోవచ్చు.

నాకు తెలిసిన ఒక కాపలాదారు నిద్ర ఆపుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. చదివింది అయిదో తరగతి వరకే. ఆయన కొడుకు నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. రోజూ సాయంత్రం టీ కొట్టులో దినపత్రిక పాతబడ్డాక, అందులో సుడోకు ఉన్న ముక్క చింపి జేబులో పెట్టుకుంటాడు. రాత్రి రెండు దాటాక దానిని తీస్తాడు.

ఒక రోజు ఆ కుర్రవాడు బడి వదిలాక నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో రెండు పత్రిక ముక్కలున్నాయి.

"ఏరా, ఏమిటది?"

"మా నాన్న అడిగి రమ్మన్నారండి. పత్రికలో వేసిన జవాబు తప్పవుతుందా అండి?"

ఒక ముక్క మీద పెన్సిలుతో నింపిన గళ్ళున్నాయి. రెండోది మర్నాడు పత్రికలో వచ్చిన జవాబు. రెండూ కలవలేదు. "నాన్న రాత్రి మూడుసార్లు సరిచూశారటండి. అచ్చయినదే తప్పంటున్నారు. కాని అయిదో తరగతి చదివినవాడి మాట నిజమా, పత్రికవాళ్ళ మాట నిజమా అని మళ్ళీ ఆయనే అంటున్నారండి."

నేను అచ్చయిన జవాబులో ఒక్కొక్క వరసా చూస్తూ పోయాను. ఎనిమిదో నిలువు వరసలో ఏడు రెండుసార్లు ఉంది! ఒక అంకె అచ్చులో తారుమారైంది. తండ్రి నింపిన గళ్ళలో తప్పేమీ లేదు.

నాకు అప్పుడే ఒక సంగతి తట్టింది. అది చెప్పేముందు, సుడోకు ఎన్నడూ చేయనివారి కోసం ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. మామూలు సుడోకులో 81 గళ్ళుంటాయి. మనం 16 గళ్ళతో సరిపెట్టుకుందాం.

– 2 – 4
– – 1 –
– 1 – –
4 – – –

ప్రతి అడ్డవరసలోనూ, ప్రతి నిలువు వరసలోనూ 1, 2, 3, 4 ఒక్కొక్కసారే రావాలి. అంతే కాదు. ఈ చదరాన్ని మధ్యగా నిలువునా అడ్డంగా కోస్తే నాలుగేసి గళ్ళ పెట్టెలు నాలుగు వస్తాయి. ఆ ఒక్కొక్క పెట్టెలోనూ అదే నియమం.

మొదటి అడ్డవరస చూడండి. 2, 4 ఉన్నాయి. 1, 3 రావాలి. మూడో గడిలో 1 పెట్టవచ్చా? వీలులేదు. ఆ నిలువు వరసలో కిందనే 1 ఉంది. కాబట్టి అక్కడ 3 ఉండి తీరాలి. అయితే మొదటి గడిలో 1. ఇప్పుడు కుడివైపు పై పెట్టెలో 3, 4, 1 వచ్చేశాయి. మిగిలిన గడిలో 2 తప్ప మరేదీ పట్టదు. ఇక రెండో అడ్డవరస మీరే నింపండి. దాని తరువాత మిగిలినవి వాటంతట అవే వస్తాయి.

ఇందులో కూడిక లేదు, తీసివేత లేదు. 1, 2, 3, 4 బదులు క, చ, ట, త అని రాసినా ఆట మారదు. అంకెలు ఇక్కడ పేర్లు మాత్రమే. పని చేసేదంతా "ఇది కాదు, ఇది కాదు, కాబట్టి అదే" అనే తర్కం.

దీని జవాబు ఈ సంచికలో ఎక్కడా వేయడం లేదు. ఎందుకంటారా? మీకు దానితో అవసరం లేదు. నింపిన తరువాత నాలుగు అడ్డవరసలూ, నాలుగు నిలువు వరసలూ, నాలుగు పెట్టెలూ చూసుకోండి. అన్నీ సరిగా ఉంటే మీ జవాబు ఒప్పు. ఉపాధ్యాయుడు టిక్కు పెట్టనక్కరలేదు. చివరి పేజీ తిప్పనక్కరలేదు. ఆ రోజు నాకు తట్టిన సంగతి ఇదే. మనం బడిలో నేర్చుకునే చాలా విషయాలను ఎవరో చెప్పారు కాబట్టి నమ్ముతాం. నమ్మక తప్పదు కూడా. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో మనం వెళ్ళి కొలవలేం కదా! కాని పదహారు గళ్ళ చదరం దగ్గర పెద్ద చదువు చదివినవాడికీ, అయిదో తరగతి చదివినవాడికీ ఒకే కొలబద్ద. ఈ సరదాలో నన్ను కట్టిపడేసేది అదే.

"సుడోకు చేస్తే తెలివి పెరుగుతుంది" అని కొందరు ప్రచారం చేస్తుంటారు. నేను మాత్రం ఆ మాట చెప్పను. సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. పరీక్ష ముందురోజు లెక్కల పుస్తకం పక్కన పెట్టి ఇది పట్టుకోవడానికి నా పేరు వాడుకోకండి. చెరకు తింటే బలం వస్తుందా అని ఎవరూ అడగరు కదా.

ఇటువంటి సరదా మనవాళ్ళకు కొత్తది కాదు. అరుగుల మీద పెద్దవాళ్ళు వేసే చిక్కు లెక్కలు మీరూ వినే ఉంటారు. చెట్టు మీద కొన్ని పక్షులున్నాయి. ఎగిరిపోతున్న ఒక పక్షి "మీరు వందమంది ఉన్నారా?" అని అడిగింది. "మేము, మా అంతమంది, మాలో సగం, సగంలో సగం, నువ్వు కూడా కలిస్తే వంద" అన్నాయి అవి. చెట్టు మీద ఉన్నవి ఎన్ని? బీజగణితం తెలిసినవారు క్షణంలో తేల్చేస్తారు. తెలియని మా నాయనమ్మ కూడా తేల్చేది. సగమూ, సగంలో సగమూ ఉండాలంటే ఆ సంఖ్య నాలుగుతో భాగింపబడాలి, అది యాభైకి తక్కువ ఉండాలి అని వెతుక్కుంటూ వెళ్ళేది. 36 దగ్గర ఆగి, 36, 36, 18, 9, 1 కూడి వంద చేసి చూపించేది. ఇక్కడ కూడా చూడండి, జవాబు తన సాక్ష్యం తానే చెప్పుకుంటుంది.

తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం పావులూరి మల్లన రాసిన సారసంగ్రహ గణితం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహానికి అది తెలుగు రూపం. అందులో చదరంగపు బల్ల లెక్క ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? జవాబు 18446744073709551615. ఇరవై అంకెల ఈ సంఖ్యను మల్లన ఒక పద్యంలో ఇమిడ్చాడు. అంకెలకు బదులు మాటలు వాడాడు. శశి అంటే ఒకటి. శరం అంటే అయిదు, ఎందుకంటే మన్మథుడి బాణాలు అయిదు. వేదం అంటే నాలుగు. గగనం అంటే శూన్యం, అంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మాటనూ అంకెగా విప్పుకుంటూ పోవాలి. పద్యం చదివేవాడికి అది కూడా ఒక పొడుపే!

ఇంతకూ సుడోకు ఎక్కడిది? పేరు జపానుది, ఆట మాత్రం అమెరికాలో పుట్టింది. హొవార్డ్ గార్న్స్ అనే భవన శిల్పి పదవీ విరమణ తరువాత దీనిని తయారుచేశాడు. 1979లో డెల్ అనే సంస్థ పొడుపుల పత్రికలో అచ్చయింది. 1984లో జపానులో నికోలి అనే సంస్థ దీనిని అందుకుంది. "అంకెలు ఒంటరిగానే ఉండాలి" అనే అర్థం వచ్చే పెద్ద పేరు పెట్టి, తరువాత దానిని సుడోకు అని కుదించారు. జపాను భాషలో ఆ ఒంటరి అనే మాటకు పెళ్ళికానివాడు అని అర్థం. అంటే అంకెలు బ్రహ్మచారులన్న మాట! వేన్ గౌల్డ్ అనే న్యాయమూర్తి 1997లో టోక్యోలోని ఒక పుస్తకాల దుకాణంలో దీనిని చూసి, ఇటువంటి పొడుపులను కంప్యూటరు చేత తయారుచేయించడానికి ఆరేళ్ళు పాటుపడ్డాడు. 2004 నవంబరులో లండన్ టైమ్స్ పత్రికలో వచ్చాక ప్రపంచమంతా పాకింది. పాపం, గార్న్స్ ఇదేమీ చూడలేదు. 1989లోనే చనిపోయాడు.

ఆట కొత్తదే కాని, దాని వెనుక ఉన్న చదరం పాతది. పైగా దానికి చేలతో సంబంధం ఉంది. మన డెల్టాలో ఒక పొలం తీసుకోండి. ఒక వైపు పంట కాలువ, ఎదురు వైపు మురుగు కాలువ. ఒక మూల చౌడు. నాలుగు వరి రకాలలో ఏది మంచిదో తేల్చాలి. కాలువ పక్కన నాటిన రకం బాగా పండితే, ఆ గొప్ప రకానిదా, నీటిదా? తగవు వస్తుంది. అందుకని పొలాన్ని పదహారు మడులు చేసి, ప్రతి రకమూ ప్రతి అడ్డవరసలోనూ, ప్రతి నిలువు వరసలోనూ ఒక్కసారి వచ్చేలా నాటుతారు. అప్పుడు నీటి లాభం, చౌడు నష్టం అన్ని రకాలకూ పంచబడతాయి. ఇటువంటి అమరికను లాటిన్ చదరం అంటారు. 1920లలో ఇంగ్లండులో ఆర్.ఎ. ఫిషర్ వ్యవసాయ ప్రయోగాలలో దీనిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. 1956లో బెరెన్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఇంకొక అడుగు వేశాడు. వరసలు చాలవు, చేలో ఒక్కొక్క పెట్టెలోనూ అన్ని రకాలూ ఉండాలి అన్నాడు. తొమ్మిది రకాలతో అలా నాటిన చేను పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది? పూర్తిచేసిన సుడోకులాగానే! ఆట పుట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా ముందే అది పొలానికి పనికివచ్చింది.

పేకముక్కలు ఇంట్లో ఉంటే ఇంకొక చదరం చేయవచ్చు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు నాలుగింటిలోనూ ఆసు, రాజు, రాణి, జాకీ తీయండి. మొత్తం 16. వీటిని నాలుగు వరసలుగా పేర్చాలి. ఏ అడ్డవరసలో గాని, ఏ నిలువు వరసలో గాని రెండు రాజులు ఉండకూడదు, రెండు ఇస్పేట్లు ఉండకూడదు. అన్నిటికీ అదే నియమం. కాస్త ఓపిక ఉంటే వస్తుంది.

దీనినే ఆరేసి రకాలతో పేర్చవచ్చునా అని స్విట్జర్లాండులో పుట్టిన మహా గణితవేత్త ఆయిలర్ 1779లో ప్రశ్నించాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆరు పటాలాల నుంచి ఆరు హోదాల అధికారులు, మొత్తం 36 మంది. వాళ్ళను చదరంగా నిలబెట్టడం కుదరదని ఆయనకు తోచింది. 10, 14, 18 వంటి సంఖ్యలకు కూడా కుదరదని ఊహించాడు. ఆరుకు కుదరదని 1900లో గాస్టన్ టారీ అనే ఫ్రెంచివాడు ఒక్కొక్క అవకాశాన్నీ ఓపికగా పరీక్షించి రుజువుచేశాడు. ఈయన ఉద్యోగం అల్జీరియాలో ఆర్థిక శాఖలో. గణితం ఆయనకు సరదా.

మరి పది? ఆయిలర్ అంతటివాడు కుదరదన్నాడు. నూట ఎనభై సంవత్సరాల పాటు కుదురుతుందని ఎవరూ చూపించలేకపోయారు. 1959లో ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే అనే ఇద్దరు భారతీయులు అమెరికాలో పనిచేస్తూ ఇరవైరెండు వరసల చదరం ఒకటి కట్టి చూపించారు. ఇ.టి. పార్కర్ పది వరసలది కట్టాడు. ముగ్గురూ కలిసి ఆరు తరువాత వచ్చే అటువంటి సంఖ్యలన్నిటికీ కుదురుతుందని తేల్చేశారు. ఆయిలర్ ఊహ నేలకూలింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ఏడాది ఏప్రిల్ 26న ఈ వార్తను మొదటి పేజీలో వేసింది. ఆయిలర్ పేరు పెద్దదే, కాని పది వరసల చదరం ఎదురుగా ఉంటే ఎవరి పేరూ అడ్డురాదు. ఎవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు.

ఇదే కుటుంబానికి చెందిన అమరికలను లంబ వ్యూహాలు అనే పేరుతో విస్తరించినది మన సి.ఆర్. రావు. గూడూరు, నూజివీడు, నందిగామలలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరాడు. 1940లలో ఆయన కనిపెట్టిన ఆ వ్యూహాలు పొలాలు దాటి కర్మాగారాలలోకి వెళ్ళాయి. తక్కువ పరీక్షలతో ఎక్కువ తెలుసుకోవడానికి ఇంజనీర్లు వాటిని వాడుతున్నారు. 2023లో, 102 ఏళ్ళ వయస్సులో, ఆయన కన్నుమూశాడు. నూజివీడుకూ మా ఊళ్ళకూ మధ్య దూరం పెద్దది కాదు కాబట్టి, ఈ మాట పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది.

మళ్ళీ చెరువు గట్టుకు వద్దాం. మరుసటి ఆదివారం నేనే పాక దగ్గరకు వెళ్ళాను. "మీ జవాబే ఒప్పు" అని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు! మంచం మీద చోటు చూపించి, వేరే ప్రశ్న వేశాడు.

"మాస్టారండీ, ఒక రోజు ముప్ఫై అంకెలిస్తారు. ఒక రోజు పాతికే ఇస్తారు. ఇలా తగ్గిస్తూ పోతే ఎక్కడ ఆగాలండీ? మరీ తక్కువిస్తే రెండు జవాబులు వచ్చేస్తాయి గదండీ?"

నాకు వెంటనే సగం జవాబే తోచింది. ఇచ్చిన అంకెలలో 3, 7 రెండూ అసలు లేవనుకోండి. మీరు పూర్తిచేసిన దానిలో ఉన్న మూడులన్నిటినీ ఏడులు చేసి, ఏడులన్నిటినీ మూడులు చేయండి. అది కూడా నియమాలకు సరిపోతుంది. అంటే రెండు జవాబులు! కాబట్టి తొమ్మిది అంకెలలో కనీసం ఎనిమిదైనా కనిపించాలి. ఎనిమిది కంటె తక్కువ గళ్ళిస్తే చాలదని తేలింది. కాని ఎనిమిది చాలుతాయా?

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. ఆయన అడిగిన ప్రశ్ననే గణితవేత్తలు ఏళ్ళ తరబడి అడిగారు. ఆస్ట్రేలియాలో గార్డన్ రాయిల్ అనే ఆయన 17 అంకెలు మాత్రమే ఇచ్చిన సుడోకులను వేలకొద్దీ సేకరించాడు. 16 అంకెలది ఒక్కటి కూడా దొరకలేదు. దొరకలేదంటే లేదని అర్థం కాదు కదా. 2012 జనవరిలో ఐర్లండులోని డబ్లిన్ నుంచి గారీ మెక్‌గ్వైర్ బృందం సమాధానం ప్రకటించింది. కంప్యూటర్లను ఏడాది పాటు నడిపి, 16 అంకెలతో ఒకే జవాబు ఉండే సుడోకు లేదని తేల్చారు. ఏడాది ఎందుకంటే, నింపిన సుడోకు చదరాలు మొత్తం 6670903752021072936960 ఉన్నాయి. 2005లో ఫెల్గెన్‌హవర్, జార్విస్ అనే ఇద్దరు లెక్కించిన సంఖ్య ఇది. మల్లన చదరంగపు గింజలకు 360 రెట్ల పైమాటే. తిరగేస్తే, తిప్పితే, అంకెలు మార్చుకుంటే ఒకటే అయిపోయేవాటిని తీసేసినా వందల కోట్లు మిగులుతాయి.

వెతకడం ఇంత కష్టం, సరిచూడటం ఎంతో తేలిక. సుడోకులో గళ్ళు పెరుగుతున్నకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సరిచూడటం తేలికైన ప్రతి పొడుపునూ త్వరగా విప్పే ఉపాయం కూడా ఉంటుందా, ఉండదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ ప్రకటించింది. ఆ డబ్బు ఇంకా ఎవరూ తీసుకోలేదు.

ఇదంతా కుర్రవాడి చేత ఇంటికి కబురు పంపాను. 17 అంకెలు మాత్రమే ఉన్న సుడోకు ఒకటి కాగితం మీద రాసి ఇచ్చాను. నింపవలసినవి 64 గళ్ళు, చదరంగపు బల్ల మీద ఉన్నన్నే. ఇచ్చి నాలుగు రోజులైంది. నిన్న కుర్రవాణ్ణి అడిగాను.

"ఇంకా నలభై గళ్ళు ఉన్నాయండి. నాకు ఒకటి దొరికింది గాని, నాన్న చెప్పనివ్వడం లేదండి."